గోల్డెన్ స్టేట్ కిల్లర్: నలభై ఏళ్ల నాటి హత్యలు ఎలా తేలాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

కాలిఫోర్నియాలో శాక్రమెంటోకి తూర్పున రాంచో కార్డోవా అనే ఊళ్లో మేం పాత ఇల్లు కొన్నాం. పెరటివైపు జారుడు గాజు తలుపు పట్టాలో, తలుపు బయటినుంచి జరగకుండా, ఒక కర్రముక్క అడ్డంగా పడి ఉంది. చీపురు కర్రని కొలిచి కోసినట్టుంది. తీసి పారేయబోతుంటే పక్కింటి పెద్దావిడ కంచె మీంచి చూసి, "అది ఉండనీ, 1976 నాటిది" అంది. ఆ ఏడాది ఈ పేటలో ప్రతి ఇంటివాళ్లూ అలాంటి కర్ర పెట్టుకున్నారట.

ఆ కర్ర సంగతేమిటో చూద్దామని మొదలుపెట్టి ఈ కేసు గురించి దొరికిందల్లా చదివాను. ఇప్పుడు వేసవికి వచ్చిన అమ్మానాన్నల దగ్గర్నుంచి ఫోల్సమ్‌లో తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్‌కి వచ్చే స్నేహితుల దాకా అందరూ నన్ను ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను. హతుల పేర్లు, బతికి బయటపడ్డవాళ్ల పేర్లు రాయడం లేదు. హంతకుణ్ణి 'వాడు' అనే రాస్తాను, 'అతను' అనబుద్ధి కావడం లేదు.

అసలు ఏమిటీ కేసు? రెండు ముక్కల్లో చెప్పండి.

1974 నుంచి 1986 దాకా కాలిఫోర్నియాలో ఒకే మనిషి 13 మందిని చంపాడు, సుమారు 50 మంది ఆడవాళ్లపై అత్యాచారం చేశాడు, వందకు పైగా ఇళ్లలో దూరి దొంగతనాలు చేశాడు. 2018 ఏప్రిల్ 24న దొరికాడు. పేరు జోసెఫ్ జేమ్స్ డీయాంజెలో, అప్పటికి వయసు 72. నేరాలు మొదలుపెట్టిన రోజుల్లో వాడు చేసింది పోలీసు ఉద్యోగం.

ఒక్కడే అయితే ఇన్ని పేర్లెందుకు వచ్చాయి?

పోలీసులకి చాలాకాలం వీడు ఒక్కడని తెలియదు కాబట్టి.

1974, 75ల్లో విసేలియా అనే చిన్న ఊళ్లో ఒక దొంగ ఇళ్లలో దూరి బీరువాలు, సొరుగులు తిరగేసి పోయేవాడు. నగలూ నగదూ ఎదురుగా ఉన్నా వదిలేసి ఒంటి చెవిపోగు, ఫొటో లాంటివి పట్టుకుపోయేవాడు. వాడికి 'విసేలియా ర్యాన్‌సాకర్' అని పేరు పెట్టారు, అంటే ఇల్లు పీకి పందిరేసేవాడు. 1975 సెప్టెంబర్‌లో అర్ధరాత్రి ఒక కాలేజీ అధ్యాపకుడి కూతుర్ని ఎత్తుకెళ్లబోయి, అడ్డొచ్చిన తండ్రిని కాల్చి చంపాడు. పదమూడు హత్యల్లో మొదటిది అదే.

1976 జూన్ నుంచి శాక్రమెంటో తూర్పు శివార్లలో అత్యాచారాలు మొదలయ్యాయి. మొదటిది మా రాంచో కార్డోవాలోనే. ఇక్కడివాళ్లు 'ఈస్ట్ ఏరియా రేపిస్ట్' అన్నారు. 1978 ఫిబ్రవరిలో కుక్కని వాకింగ్‌కి తీసుకెళ్లిన ఒక యువ జంటని ఈ ఊళ్లోనే కాల్చి చంపాడు. తర్వాత మొడెస్టో, డేవిస్, కాంకర్డ్, శాన్ రమోన్, డాన్‌విల్ ఇలా ఊళ్లు మారుతూ పోయాడు. ఇవాళ శాన్ రమోన్‌లో సంక్రాంతి ముగ్గుల పోటీలు పెట్టుకునే మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

1979 చివర్లో దక్షిణానికి, సముద్రం వైపు దిగాడు. గొలీటా, వెంచురా, డానా పాయింట్, అర్వైన్ ఊళ్లలో నిద్రపోతున్న జంటల్నీ ఒంటరి ఆడవాళ్లనీ చంపాడు. అక్కడివాళ్లు 'నైట్ స్టాకర్' అన్నారు. కొన్నేళ్లకి అదే పేరుతో ఇంకో హంతకుడు ప్రసిద్ధికెక్కడంతో వీడికి 'ఒరిజినల్' అని తగిలించారు. 'గోల్డెన్ స్టేట్ కిల్లర్' అన్నది 2013లో ఒక రచయిత్రి పెట్టిన పేరు. అన్ని కేసుల్నీ ఒక్క పేరు కిందికి తేవడంలో ఆమె పుణ్యం కొంత ఉంది. దురదృష్టం, వాడు దొరకడానికి రెండేళ్ల ముందే ఆమె చనిపోయింది.

ఒక ఊరి పోలీసులు ఇంకో ఊరి పోలీసుల్ని అడగలేదా?

'మా స్టేషన్ పరిధి కాదు' అనే మాట మన దగ్గరే ఉందనుకుంటాం. అమెరికాలో ఇంకా ఎక్కువ. మనకి రాష్ట్రం మొత్తానికి ఒక పోలీసు శాఖ, ఒక డీజీపీ. ఇక్కడ ప్రతి కౌంటీకి (మన జిల్లా లాంటిది) షెరీఫ్ అనే ఒక పోలీసు అధిపతి, ప్రతి ఊరికి సొంత పోలీసు శాఖ, ఎవరి ల్యాబు వాళ్లది, ఎవరి బీరువా వాళ్లది. వీడి నేరాలు 11 కౌంటీల్లో పడ్డాయి. కోర్టులో ప్రాసిక్యూటర్లు చెప్పిన లెక్క 53 చోట్ల 87 మంది బాధితులు. కంప్యూటర్లో వెతికే రోజులు కావు, ఒక ఫైలు ఇంకో ఊరికి తెలియాలంటే ఎవరో ఒకరు ఫోన్ చెయ్యాలి. అనుమానం వచ్చి చేసినవాళ్లూ ఉన్నారు. విసేలియా డిటెక్టివులు శాక్రమెంటో దాకా వచ్చి 'ఇద్దరూ ఒకడే' అని వాదించారు, ఇక్కడివాళ్లు ఒప్పుకోలేదు. విసేలియావాళ్ల మాటే నిజమని దశాబ్దాల తర్వాత తేలింది.

ఎలా చేసేవాడు?

ముందు రెక్కీ. ఎవరూ లేనప్పుడు ఇంట్లోకి వెళ్లి ఫొటోలు చూసి, కిటికీ గొళ్లెం తీసిపెట్టి, కట్టడానికి తాళ్లు సోఫా కింద దాచి వచ్చేవాడు. తర్వాత ఒక రాత్రి ముసుగుతో, టార్చిలైటుతో మంచం పక్కన నిలబడేవాడు. భర్తని బోర్లా పడుకోబెట్టి కట్టి, వీపు మీద వంటింటి ప్లేట్లు, కప్పులు పేర్చేవాడు. చప్పుడైతే ఇద్దర్నీ చంపుతానని బెదిరించేవాడు. ఆ పింగాణీ చప్పుడు వింటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుందని బతికినవాళ్లు చెప్పారు. ఇంతకన్నా రాయను.

నిజంగా పోలీసా?

నిజంగానే. వియత్నాం యుద్ధకాలంలో నౌకాదళంలో పనిచేశాడు. శాక్రమెంటో స్టేట్ యూనివర్సిటీలో క్రిమినల్ జస్టిస్ డిగ్రీ చేశాడు. 1973లో విసేలియా పక్కనే ఉన్న ఎగ్జెటర్‌లో పోలీసుగా చేరాడు. అంటే పగలు దొంగతనాల మీద రిపోర్టులు రాసి, రాత్రి పక్క ఊళ్లో దొంగతనాలు చేశాడు. 1976లో శాక్రమెంటోకి దగ్గరున్న ఆబర్న్‌కి మారాడు. నేరాలూ వాడితో పాటే వచ్చాయి.

1979లో ఒక షాపులో సుత్తి, కుక్కల్ని తరిమే స్ప్రే దొంగిలిస్తూ పట్టుబడ్డాడు, ఉద్యోగం ఊడింది. ఒక పోలీసుకి సుత్తీ కుక్కల స్ప్రే దొంగిలించాల్సిన అవసరమేమిటని ఎవరూ అడగలేదు. నాకైతే ఈ కేసు మొత్తంలో ఎక్కువ చిరాకు తెప్పించే చోటు ఇదే.

ఆ తర్వాత రోజ్‌విల్‌లో ఒక సూపర్ మార్కెట్ గిడ్డంగిలో లారీ మెకానిక్‌గా 27 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. పిల్లల్ని పెంచాడు. పెరట్లో గట్టిగా బూతులు తిట్టుకునేవాడని ఇరుగుపొరుగువాళ్లు చెప్పారు.

అప్పటి పోలీసులు చేతగానివాళ్లా?

అలా అనేస్తే తేలిక, కానీ అది అన్యాయం. విసేలియాలో ఒక డిటెక్టివు కాపు కాసి వాణ్ణి ఎదురుబొదురుగా పట్టుకోబోయాడు. వాడు కాల్చిన గుండు ఆయన చేతిలోని టార్చిలైటుకి తగిలింది. శాక్రమెంటోలో రాత్రంతా గస్తీలు తిరిగారు, హెలికాప్టర్లు తిప్పారు. వాళ్ల చేతిలో ఉన్నదల్లా షూ గుర్తులు, ముసుగు వెనక కళ్లని చూసినవాళ్ల సాక్ష్యం, రక్తం గ్రూపు లాంటి పరీక్షలు. రక్తం గ్రూపుతో 'వీడు కాదు' అనగలరు గాని 'వీడే' అనలేరు.

చివరి హత్య 1986 మేలో జరిగింది. ఒక హత్యకేసులో డీఎన్ఏని మొదటిసారి వాడింది ఇంగ్లండ్‌లో, అదే 1986లో. కొద్దిలో తప్పిపోయింది.

మూసేసిన కేసుని మళ్లీ ఎప్పుడు తెరిచారు?

పూర్తిగా ఎప్పుడూ మూయలేదు. మన పోలీసుల భాషలో చెప్పాలంటే 'అన్‌డిటెక్టెడ్' కింద పడి ఉంది. ఇక్కడ హత్యకి కాలపరిమితి లేదు కాబట్టి ఫైలు బతికే ఉంటుంది.

1990ల మధ్యలో ఆరెంజ్ కౌంటీ ల్యాబువాళ్లు పాత హత్యల నమూనాలకి డీఎన్ఏ పరీక్ష చేస్తూ, వేరువేరు హత్యల్లో ఒకే మగవాడి డీఎన్ఏ ఉందని కనిపెట్టారు. అటు ఉత్తరాన కాంట్రా కోస్టా కౌంటీ ల్యాబులో పాల్ హోల్స్ అనే శాస్త్రవేత్త ఈస్ట్ ఏరియా రేపిస్ట్ పాత ఫైళ్లు దులుపుతున్నాడు. 2001లో ఈ రెండు ల్యాబుల ఫలితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే సరిగ్గా సరిపోయాయి. ఉత్తరాది రేపిస్టూ దక్షిణాది హంతకుడూ ఒకడే. ఆ రోజు శాక్రమెంటోలో ఎందరో ఆడవాళ్లకి, ఇరవై ఏళ్ల కింద తమని వదిలిపెట్టి పోయినవాడు తర్వాత హత్యలు కూడా చేశాడని తెలిసింది. 2016 జూన్‌లో అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ రంగంలోకి దిగి 50,000 డాలర్ల బహుమతి ప్రకటించింది.

డీఎన్ఏ దొరికాక 2001లోనే ఎందుకు పట్టుకోలేదు?

డీఎన్ఏ ఒక వేలిముద్ర లాంటిది. పోల్చడానికి రెండోది కావాలి. ఎఫ్‌బీఐ నడిపే జాతీయ డేటాబేస్‌లో నేరస్థుల వివరాలుంటాయి. అందులో వీడు లేడు. సుత్తి దొంగతనం తర్వాత వీడు తీవ్రమైన కేసులో అరెస్టయిందే లేదు.

ఇక్కడ బ్రూస్ హారింగ్టన్ సంగతి చెప్పాలి. 1980లో డానా పాయింట్‌లో ఆయన తమ్ముణ్ణీ మరదల్నీ వీడు చంపాడు. ఆయన లాయరు, డబ్బున్నవాడు. పెద్ద నేరాల్లో పట్టుబడ్డ ప్రతి ఒక్కరి డీఎన్ఏ తీసుకోవాలంటూ 2004లో కాలిఫోర్నియాలో 'ప్రపొజిషన్ 69' పేరుతో ప్రజల ఓటుకి ఒక చట్టం తెచ్చాడు. దానికి సొంత డబ్బు సుమారు 20 లక్షల డాలర్లు పెట్టాడు. చట్టం నెగ్గింది. దానివల్ల వందల కేసులు తేలాయి. ఆయన తమ్ముడి కేసు మాత్రం ఇంకో పద్నాలుగేళ్లు అలాగే ఉండిపోయింది.

మరి ఆ నమూనా ఎక్కడ దొరికింది? ఇన్నేళ్లు ఎలా పాడవకుండా ఉంది?

కథంతా ఈ ప్రశ్నలోనే ఉందని నా నమ్మకం. ఎవరూ అడగరు.

డీఎన్ఏ పరీక్ష చేసిన ప్రతిసారీ నమూనా కొంత ఖర్చవుతుంది. 1990ల నుంచి ఊరూరా చేసిన పరీక్షల్లో ఉన్న కాస్తా తరిగిపోయింది. ఇక శాక్రమెంటోలో అత్యాచార కేసుల కిట్లు, అంటే బాధితుల ఒంటి నుంచి తీసిన నమూనాల డబ్బాలు, పారేశారు. చట్టం ప్రకారం కేసు పెట్టే గడువు దాటిపోయింది, గదిలో చోటు లేదు, ఎందుకు దాచాలి అనుకున్నారు. రూలు ప్రకారం చూస్తే అందులో తప్పేమీ లేదు. మన ఆఫీసుల్లో పాత రికార్డుల గది ఖాళీ చేయించే గుమాస్తా కూడా అలాగే అనుకుంటాడు.

2017 నాటికి హోల్స్‌కి కావలసింది ఒక్కటే, ఎవరూ ముట్టుకోని మంచి నమూనా. వెంచురాలో దొరికింది. 1980 మార్చిలో అక్కడ ఒక లాయర్నీ ఆయన భార్యనీ పొయ్యిలో వేసే కట్టెతో కొట్టి చంపాడు. అప్పట్లో అక్కడ పోస్టుమార్టం చేసిన డాక్టరు పీటర్ స్పెత్‌కి ఒక అలవాటుండేది. అందరూ ఒక్క కిట్ తీస్తే ఆయన ప్రతి కేసుకీ రెండు తీసేవాడు. ఒకటి ల్యాబుకి, రెండోది తన ఆఫీసు ఫ్రీజర్లోకి. అప్పటికి డీఎన్ఏ పరీక్ష అన్నదే లేదు. ఏ రూల్లోనూ రెండోది తియ్యమని రాసి లేదు. మొదటిది పోతేనో పాడైతేనో ఉంటుందని, అంతే. మా అమ్మ ఇంటి కాగితాలకి రెండు జిరాక్సులు తీయించి, ఒకటి బియ్యం డబ్బాలో పెట్టేది, అలా.

ఆ రెండో కిట్ సీలు విప్పకుండా ముప్పై ఏడేళ్లు ఫ్రీజర్లో ఉంది. డాక్టరు అక్కణ్ణుంచి వెళ్లిపోయాడు, తర్వాత వచ్చినవాళ్లు వాళ్ల పని వాళ్లు చేసుకున్నారు, ఎవరూ దాన్ని పారేయలేదు. పాత కేసు మళ్లీ విప్పడం అంటే సినిమాల్లో గోడకి ఫొటోలు అతికించి దారాలు కట్టడం చూపిస్తారు. ఇక్కడ జరిగింది ఒకాయన రెండో డబ్బా నింపడం, మిగతావాళ్లు ఆ ఫ్రీజర్ కరెంటు పోకుండా చూసుకోవడం.

'వంశవృక్షం' పద్ధతి అంటే ఏమిటి? అర్థమయ్యేలా చెప్పండి.

మన పెళ్లిళ్లలో పెద్దవాళ్లు కొత్త మనిషిని పట్టుకుని అడుగుతారు చూడండి. "మీ ఇంటిపేరేమిటి నాయనా? ఏ ఊరు? ఫలానా సుబ్బారావుగారు ఏమవుతారు? అయితే మీ నాయనమ్మ మా పిన్నిగారి తోడికోడలి అక్క!" పది నిమిషాల్లో చుట్టరికం తేల్చేస్తారు. ఈ పద్ధతి అదే పని చేస్తుంది, ముసలావిడ జ్ఞాపకం బదులు డీఎన్ఏతో మొదలుపెడుతుంది.

పోలీసు డేటాబేస్ డీఎన్ఏలో 20 చోట్ల మాత్రమే చూస్తుంది. మనిషి వాడేనా కాదా చెప్పడానికి అది చాలు, దూరపు చుట్టాల్ని పట్టుకోవడానికి చాలదు. మా పూర్వీకులెవరో చెప్పండని జనం ఉమ్మి పంపే కంపెనీలు లక్షల చోట్ల చూస్తాయి. ఎవరి రక్తంలో ఎవరి వాటా ఎంతుందో అందులో తెలుస్తుంది. అన్నదమ్ములు సగం పంచుకుంటారు, ముత్తాతల తండ్రుల దగ్గర కలిసే చుట్టాలు ఒక శాతం లోపే. ఆ కొంచెం కూడా కనిపిస్తుంది.

హోల్స్, ఎఫ్‌బీఐ లాయరు స్టీవ్ క్రేమర్, వంశవృక్షాల పనిలో చెయ్యి తిరిగిన బార్బరా రే-వెంటర్ మరికొందరితో కలిసి జట్టు కట్టారు. వెంచురా నమూనా నుంచి ఆ లక్షల గుర్తుల జాబితా తయారు చేయించి, ఎవరైనా తమ వివరాలు పెట్టుకునే జెడ్‌మ్యాచ్ అనే సైటులో వేశారు. దూరపు చుట్టాలు తగిలారు. హంతకుడికీ వాళ్లకీ ముత్తాతకి తాత ఒకడే అన్నంత దూరం, ఆ తాతల తరం 1800ల మొదట్లో పుట్టింది. అక్కణ్ణుంచి కిందికి దిగాలి. ఎవరికి ఎందరు పిల్లలు, ఎవరు ఎక్కడికి వలస పోయారు, జనగణన పుస్తకాలు, పాత పేపర్లలో చావు ప్రకటనలు, సమాధి రాళ్లు, అన్నీ వెతికారు. సుమారు 25 వృక్షాలు గీశారు. ఒక్క డీయాంజెలో ఉన్న చెట్టులోనే దాదాపు వెయ్యి మంది. నాలుగు నెలలు పట్టింది.

తర్వాత వడపోత. మగవాడు, 1940లు, 50ల్లో పుట్టినవాడు, ఆ ఏళ్లలో కాలిఫోర్నియాలో ఉన్నవాడు. కొద్దిమంది మిగిలారు. హంతకుడి కళ్లు నీలంగా ఉండే అవకాశం ఎక్కువని డీఎన్ఏ చెప్పింది. డ్రైవింగ్ లైసెన్సు రికార్డులు చూస్తే, మిగిలినవాళ్లలో నీలి కళ్లున్నది డీయాంజెలోకే.

మధ్యలో పొరపాటు జరగలేదా?

జరిగింది. 2017లో ఇంకో పద్ధతిలో, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే క్రోమోజోమ్ గుర్తులతో వెతికి, ఆరెగన్ రాష్ట్రంలో వృద్ధాశ్రమంలో ఉన్న ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లారు. కోర్టు ఆర్డరు తెచ్చి ఆయన నోట్లోంచి నమూనా తీసుకున్నారు. ఆయన కాదు. మంచం మీదున్న మనిషిని అలా అనుమానించడం ఎంత అన్యాయమో తలుచుకుంటే, ఈ పద్ధతిని పొగిడేటప్పుడు నా నోరు కాస్త తగ్గుతుంది.

చివర్లో ఎలా ఖాయం చేసుకున్నారు?

వంశవృక్షం వేలు చూపిస్తుంది, అంతవరకే. కోర్టులో నిలబడాలంటే వాడి సొంత డీఎన్ఏ కావాలి, అదీ వాడికి తెలియకుండా.

హోల్స్ రిటైరవడానికి ముందురోజు సిట్రస్ హైట్స్‌లో వాడి ఇంటి ముందు కారాపుకుని కూర్చున్నాడు. వెళ్లి తలుపు కొట్టి ఒక నమూనా అడుగుదామా అనుకున్నాడు. ఎందుకో ఆగి వెనక్కి తిరిగాడు. కొట్టి ఉంటే వాడు పారిపోయేవాడో, లోపలే ఏ అఘాయిత్యం చేసుకునేవాడో.

ఏప్రిల్ 18న డీయాంజెలో రోజ్‌విల్‌లో ఒక షాపుకి వెళ్లాడు. వాడు లోపలుండగా పార్కింగులో పోలీసులు వాడి కారు తలుపు పిడిని దూదితో తుడిచారు. సరిపోయింది. ఇంకా గట్టిగా ఉండాలని వాడి చెత్తబుట్టలోంచి ఒక టిష్యూ కాగితం తీశారు. అదీ సరిపోయింది. 24న ఇంట్లోంచి బయటికి వచ్చినప్పుడు చుట్టుముట్టారు. వాడు ఆశ్చర్యపోయి అన్న మాట, ఓవెన్‌లో మాంసం పెట్టాను అని.

నేను డీఎన్ఏ ఎప్పుడూ ఇవ్వలేదు. అయినా నన్ను పట్టుకోవచ్చా?

మీ పెదనాన్నగారి మనవడు ఇస్తే చాలు. 2018లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, యూరోపియన్ మూలాలున్న అమెరికన్లలో ఎవర్ని వెతికినా సుమారు 60 శాతం సార్లు ముత్తాత తండ్రి దగ్గర కలిసే చుట్టమో, ఇంకా దగ్గరివాడో తగులుతాడు.

మనవాళ్ల సంగతి వేరు. ఈ డేటాబేస్‌ల్లో భారతీయులు తక్కువ. రెండోది, మన మేనరికాలు. మేనమామ కూతుర్ని చేసుకున్న ఇళ్లలో, తరతరాలుగా ఒకే కులంలో పెళ్లిళ్లు జరిగిన ఇళ్లలో ఒకే డీఎన్ఏ ముక్క నాలుగు దారుల్లో వస్తుంది. అప్పుడు దూరపు చుట్టం దగ్గరివాడిలా కనిపిస్తాడు, లెక్క తప్పుతుంది. యూదు కుటుంబాల విషయంలో వంశవృక్ష నిపుణులకి ఈ తలనొప్పి ఎప్పట్నుంచో ఉంది.

ఇది మంచిదా చెడ్డదా అంటే నాకు రెండు మనసులు. వీడు దొరకడం మంచిదే. కానీ మొదట్లో అందరికీ తెరిచి ఉన్న సైటే వాడామని చెప్పారు. ప్రైవేటు కంపెనీల డేటాబేస్‌ల్లో కూడా, వాళ్ల కస్టమర్లకి తెలియకుండా వెతికారని 2020లో బయటపడింది. నాకది నచ్చలేదు. గొడవలయ్యాక 2019లో జెడ్‌మ్యాచ్, ఒప్పుకున్నవాళ్ల వివరాలే పోలీసులకి కనపడేలా మార్చింది. అమెరికా న్యాయశాఖ హత్యలు, అత్యాచారాల లాంటి కేసుల్లోనే వాడాలని అదే ఏడాది నియమాలు పెట్టింది.

అత్యాచారాలకి కేసు పెట్టలేదట, నిజమేనా?

నిజమే. అప్పటి కాలిఫోర్నియా చట్టంలో అత్యాచారానికి కాలపరిమితి ఉండేది, అది ఎప్పుడో దాటిపోయింది. 2017 నుంచి ఆ పరిమితి తీసేశారు, కానీ పాత నేరాలకి అది వర్తించదు. అందుకే ప్రాసిక్యూటర్లు 'దోపిడీ కోసం కిడ్నాప్' అనే అభియోగం పెట్టారు. బాధితుల్ని ఒక గదిలోంచి ఇంకో గదికి లాక్కెళ్లడాన్ని కిడ్నాప్ కింద చూపించారు. తెలివైన దారి. అయినా తన మీద జరిగిన దాని పేరు ఛార్జిషీటులో లేకపోవడం ఎలా ఉంటుందో ఆ ఆడవాళ్లనే అడగాలి.

ఈ ఒక్క విషయంలో మన చట్టం మెరుగు. మూడేళ్లకి మించి శిక్ష పడే నేరాలకి మన దేశంలో కాలపరిమితి లేదు.

శిక్ష ఏమిటి? ఉరి ఎందుకు వెయ్యలేదు?

2020 జూన్ 29న 13 హత్యలూ 13 కిడ్నాపులూ ఒప్పుకున్నాడు, కేసు పెట్టలేకపోయిన మిగతా నేరాలూ ఒప్పుకున్నాడు. బదులుగా మరణశిక్ష అడగబోమన్నారు. కాలిఫోర్నియాలో గవర్నరు 2019లోనే మరణశిక్షల అమలు ఆపేశాడు, బాధితులు ముసలివాళ్లవుతున్నారు, విచారణ ఏళ్లు పడుతుంది. ఆగస్టు 21న పెరోల్ లేని యావజ్జీవం పడింది.

కరోనా రోజులు కదా, దూరదూరంగా కూర్చోబెట్టాలి, బాధితులూ వాళ్ల కుటుంబాలవాళ్లూ కలిపి వందమందికి పైన. కోర్టు హాలు చాలక శాక్రమెంటో స్టేట్ యూనివర్సిటీ బాల్‌రూమ్‌లో పెట్టారు. వాడు క్రిమినల్ జస్టిస్ చదివిన యూనివర్సిటీ అదే.

కోర్టుకి వీల్‌చైర్లో, నోరు తెరుచుకుని, ఏమీ తెలియని ముసలివాడిలా వచ్చేవాడు. జైలు గదిలో ఎక్సర్‌సైజులు చేస్తూ, బల్ల ఎక్కుతూ ఉన్న వీడియోలు ప్రాసిక్యూటర్లు బయటపెట్టారు. శిక్ష వేసే రోజు ఆ కుర్చీలోంచి లేచి నిలబడి, మాస్కు తీసి, అందరి మాటలూ విన్నాను, నన్ను క్షమించండి అన్నాడు.

1986 తర్వాత ఎందుకు ఆపేశాడు?

వాడు చెప్పలేదు. అరెస్టయిన రోజు గదిలో ఒక్కడే ఉన్నప్పుడు, తనలో ఉన్న ఇంకొకడు ఇవన్నీ చేయించాడని గొణుక్కున్నాడు, కెమెరాలో రికార్డయింది. ఆ ఇంకొకడి కథ ప్రాసిక్యూటర్లు నమ్మలేదు, నేనూ నమ్మను.

ఇలాగే తేలిన పాత కేసులు ఇంకేమైనా ఉన్నాయా?

ఉన్నాయి, వందల్లో. వాడు దొరికిన మూడు వారాలకే వాషింగ్టన్ రాష్ట్రంలో 1987 నాటి జంట హత్యల కేసులో అదే పద్ధతితో ఒకణ్ణి పట్టుకున్నారు.

నాకు ఎక్కువ గుర్తుండేది గ్రీన్ రివర్ కేసు. సియాటిల్ దగ్గర పదుల మంది ఆడవాళ్లని చంపిన గ్యారీ రిడ్జ్‌వే మీద 1987లోనే అనుమానం వచ్చి, గాజుగుడ్డ నమిలించి ఉమ్మి తీసుకున్నారు. అప్పుడు దానితో చేయగలిగింది పెద్దగా లేదు. అయినా పారేయలేదు. 2001లో ఆ గుడ్డముక్కే వాణ్ణి పట్టిచ్చింది, 48 హత్యలు ఒప్పుకున్నాడు. ఇక్కడా ఎవరో ఒకరు దాచారు.

మన దేశంలో ఇలా చెయ్యొచ్చా?

డీఎన్ఏ పరీక్షలో మనం వెనకబడి లేం. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ 1980ల చివర్లోనే సొంత డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ విధానం తయారు చేశారు. రాజీవ్ గాంధీ హత్యకేసులోనూ అది పనికొచ్చింది. ఆ పని కోసమే తర్వాత సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరీక్షల సంస్థ వచ్చింది. డీఎన్ఏ డేటాబ్యాంకు పెట్టే బిల్లు 2019లో లోక్‌సభలో పెట్టి, 2023లో వెనక్కి తీసుకున్నారు. నిందితుల శరీర నమూనాలు తీసుకోవడానికి 2022లో వేరే చట్టం వచ్చింది. వంశవృక్షం దారిలో వెళ్లాలంటే జనం స్వచ్ఛందంగా పెట్టిన పెద్ద డేటాబేస్ కావాలి, అది మనకి లేదు.

నన్నడిగితే దానికంటే ముందు ప్రశ్న వేరు. మీ ఊరి స్టేషన్లో 1990 నాటి కేసు తాలూకు రక్తపు గుడ్డ ఇప్పుడు ఎక్కడుంది? గోనెసంచిలో, వానకి కారే ప్రాపర్టీ గదిలో ఉంటే ఎంత గొప్ప ల్యాబు ఉన్నా ఏం లాభం?

బాధితులకి దీనివల్ల ఏం ఒరిగింది?

శిక్షకి ముందు మూడు రోజులు వాళ్లు ఒక్కొక్కరే లేచి వాడి ముఖం మీదే మాట్లాడారు. కొందరు నలభై ఏళ్లలో మొదటిసారి సొంత పేరుతో మాట్లాడారు. కొందరి తరఫున పిల్లలు మాట్లాడారు, అమ్మ అప్పటికే పోయింది కాబట్టి.

వాడు దొరికాడని ప్రకటించిన రోజు బ్రూస్ హారింగ్టన్ కూడా వేదిక మీద ఉన్నాడు. బాధితులతో అన్నాడు, ఇవాళ రాత్రి నిద్రపోండి, వాడిక కిటికీలోంచి రాడు అని.

మీ ఇంట్లో ఆ కర్ర ఇంకా ఉందా?

ఉంది. పోయిన వేసవిలో పాత గాజు తలుపు తీసి కొత్తది పెట్టించాం. దానికి మంచి తాళమే ఉంది, కర్ర అక్కర్లేదు. కొత్త పట్టా రెండంగుళాలు పొట్టి. మా నాన్న గ్యారేజీలో కూర్చుని, రంపంతో ఆ రెండంగుళాలు కోసి, మళ్లీ అక్కడే పెట్టారు.